గొట్టం మోగించి చూశాకే బేరం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక వరంగల్ పేజీ అడుగున, సంతాప ప్రకటనల పక్కన, నాలుగు వరుసల చిన్న ప్రకటన ఒకటి వచ్చింది. సెక్యూరిటీ గార్డులు కావాలి, మాజీ సైనికులైతే మంచిది, సొంత లైసెన్సు తుపాకీ ఉన్నవారికి జీతం ఎక్కువ అని. ఆ నాలుగు వరుసల పుణ్యమా అని పది రోజుల్లో మా ఇంటికి ముగ్గురు వచ్చారు. ఒకరు ప్రకటన చూసి, మిగతా ఇద్దరు ఆ వచ్చినవారిని చూసి. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: తక్కువ ధరలో మొదటి తుపాకీ ఏది కొనాలి?

నన్నే ఎందుకు అడిగారో చెప్పాలి. సైన్యంలో పదిహేడేళ్లు, ఆయుధాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా పనిచేశాను. ఆర్మరర్ అంటే తుపాకీ కాల్చేవాడు కాదు, కాల్చినవాళ్లు పాడుచేసి తెస్తే బాగుచేసేవాడు. బయటికి వచ్చాక మరో పన్నెండేళ్లు హనుమకొండలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ, పట్టుకుని నిలబడ్డాను. ఆ పన్నెండేళ్లలో కాల్చవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు. తుడవవలసిన అవసరం మాత్రం ప్రతి ఆదివారం వచ్చింది. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. నలుగురికీ ఉపయోగపడుతుందనుకుంటే వేయండి, పొడుగైందనుకుంటే కత్తిరించండి. ఒక్క మనవి: గడిలో, అంటే దొరల కాలపు పాత భవంతిలో, తుపాకీ చూసిన సంగతి మాత్రం తీసేయకండి.

మొదట వచ్చినవాడు పరకాల అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గాని నలభై ఒక్కేళ్లు, హవల్దారుగా రిటైరయ్యాడు. అలవాటు కొద్దీ నన్ను "ఉస్తాద్" అంటాడు. లైసెన్సు అప్పటికే చేతిలో ఉంది. సైన్యంలో ఇన్‌సాస్ రైఫిలు పట్టాడు, ఎల్ఎంజీ అనే తేలికపాటి మెషిన్‌గన్ పట్టాడు, పన్నెండు బోరు మాత్రం ఎప్పుడూ పట్టలేదు. చాలామంది మాజీ సైనికులది ఇదే పరిస్థితి. రైఫిలు తెలుసు కాబట్టి ఇదీ తెలిసినట్టే అనుకుంటారు. రైఫిలు ఒక గుండును గురి చూసి పంపుతుంది. పన్నెండు బోరు గుప్పెడు సీసపు గుళికలను చల్లుతుంది. గొట్టం లోపల గాళ్లు ఉండవు, నున్నగా ఉంటుంది. రైఫిలును కన్ను చిట్లించి గురి చూస్తాం, దీన్ని రెండు కళ్లూ తెరిచి వేలితో చూపించినట్టు చూపిస్తాం. అందుకే ఇందులో గురి కంటే ముందు, తుపాకీ మనిషికి అమరిందా లేదా అన్నది వస్తుంది.

ఆ అబ్బాయి ఫోనులో నాకు చూపించిన వీడియోలన్నీ అమెరికావి. అక్కడ దుకాణంలో గోడ నిండా తుపాకులు, టర్కీ నుంచి వచ్చినవి, ఇటలీ నుంచి వచ్చినవి, ఇంత డబ్బుకు ఇది, అంత డబ్బుకు అది. మన దగ్గర ఆ లెక్క పనికిరాదు. విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే వెసులుబాటు గుర్తింపు పొందిన క్రీడా షూటర్లకే గాని మామూలు లైసెన్సుదారుకు లేదు. కొత్తవాడి ముందు ఉన్న దారులు మూడే. ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల్లో తయారైన పన్నెండు బోరు ఒకటి. ఆ ఫ్యాక్టరీలు 2021లో ఏడు కంపెనీలయ్యాయి, తుపాకులు కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ వాటాకు వెళ్లాయి. బిహార్‌లోని ముంగేరు, జమ్మూ వంటిచోట్ల లైసెన్సు ఉన్న చిన్న తయారీదారుల సరుకు రెండోది. ఇక మూడోది, చేతులు మారుతూ వచ్చే పాత తుపాకీ. బేరం కుదిరేదీ కొంప మునిగేదీ ఈ మూడోదానితోనే.

మా హవల్దారుకు సహజంగానే మూడోదే నచ్చింది. జనగామ వైపు ఒక ఊళ్లో పాత గడి ఉంది, అందులో ఇంగ్లండ్ తుపాకీ ఉంది, ఇరవై ఐదు వేలకు ఇస్తారట అని ఎవరో చెప్పారు. "ఇంగ్లండ్ తుపాకీ ఉస్తాద్, చెక్కిన పనితనం, ఇరవై ఐదు వేలే!" అన్నాడు. చూసి వద్దాం పద అన్నాను. పెంబర్తి దగ్గర బస్సు దిగి ఆటోలో వెళ్లాం.

ఒక మాట చెప్పుకోవాలి. మా నాన్న తరం ఆ గడి ముందు నుంచి వెళ్లాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచింది. నేను లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను, వాళ్లు చాయ్ ఇచ్చారు. పెద్దాయనకు డెబ్భై నాలుగేళ్లు, మర్యాదస్తుడు. కొడుకు అమెరికాలో ఉన్నాడు, అతనికి తుపాకీ వద్దు. పెట్టె తెరుస్తూ, మా నాయన దీనితోనే పాకాల అడవిలో పులిని కొట్టాడని చెప్పారు. ఏ గడి తుపాకీకైనా ఒక పులి కథ ఉంటుంది. నేను తలూపాను.

మొదట మీట తిప్పి తుపాకీని విరిచి, అంటే గొట్టాలు కిందికి వంగేలా మధ్యలో తెరిచి, గొట్టాల్లో తూటాలు లేవని చూశాను. ఎవరు ఇచ్చినా, ఖాళీగానే ఉందని ఎంత ఒట్టు పెట్టినా, చేతిలోకి తీసుకోగానే చేసే పని ఇదే. ఎడమ గొట్టంలోంచి వెలుతురు రాలేదు. పుల్లతో పొడిస్తే మట్టి రాలింది. కందిరీగ గూడు. ఎవరైనా దసరా పూజ రోజు సరదాగా తూటా వేసి పేల్చి ఉంటే ఆ గొట్టం అక్కడే చీలిపోయేది, పట్టుకున్న చెయ్యి కూడా.

గొట్టాలను, భుజానికి ఆనించే కర్ర నుంచి విడదీసి, కింది కొక్కేనికి దారం కట్టి వేలాడదీశాను. పెన్సిలు వెనుక భాగంతో మెల్లగా తట్టాను. సంతలో కుండ కొనేటప్పుడు కూడా వేలి కణుపుతో తట్టి చూస్తాం కదా, ఇదీ అదే. రెండు గొట్టాలూ వాటి మధ్య అతికిన పట్టీ గట్టిగా ఉంటే గుడి గంటలా మోగి, ఆ మోత కొంతసేపు నిలుస్తుంది. పట్టీ అతుకు ఎక్కడైనా ఊడితే జిర్రుమంటుంది. ఇది పగిలిన కుండను తట్టినట్టు 'డబ్' మని ఆగిపోయింది. దారి పొడవునా కంచరివాళ్ల సుత్తి చప్పుడు వింటూ వచ్చిన హవల్దారుకు నేను వేరే వివరించనక్కర లేకపోయింది.

గొట్టం లోపల వెలుతురుకు పెట్టి చూస్తే నిలువునా మశూచి మచ్చల్లాంటి గుంటలు. పాతకాలపు నల్ల తుపాకీమందు కాల్చి తుడవకుండా వదిలేస్తే తుప్పు తినేసిన గుర్తులు అవి. గొట్టం పైన చూస్తే వంపులు తిరిగిన చారలు, మన కొత్తవాడ దర్రీ మీద అలల్లా, ఎంత అందంగా ఉన్నాయో! హవల్దారు చెక్కిన పనితనం అన్నది దాన్నే. అది చెక్కినది కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో అతికించిన గొట్టం అది. డమాస్కస్ గొట్టం అంటారు. ఆ గొట్టాలు నల్ల తుపాకీమందు కాలానివి. ఇప్పటి తూటాల్లో ఉండేది పొగ లేని మందు. అది పుట్టించే ఒత్తిడికి ఆ అతుకులు ఎన్నాళ్లు నిలుస్తాయో చూద్దామని ప్రయోగం చేయడానికి మన ముఖం అడ్డుపెట్టుకోకూడదు.

చివరికి నా ఇత్తడి గేజు తీశాను. ఎప్పుడో లేతు మీద చేయించుకున్నాను, బొటనవేలంత ఉంటుంది. తూటా కూర్చునే గది పొడవు కొలవడానికి. పాత ఇంగ్లిషు తుపాకుల్లో ఆ గది 65 మిల్లీమీటర్లే ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే తూటా 70 మిల్లీమీటర్లది. ఇక్కడే కొత్తవాళ్లు మోసపోతారు, ఎందుకంటే ఆ 70 తూటా 65 గదిలో హాయిగా పడుతుంది, మూత కూడా పడుతుంది. డబ్బా మీద రాసిన పొడవు, పేలాక మూతి మడత విచ్చుకున్న తరువాతి పొడవు. విచ్చుకోవడానికి చోటు లేక ఆ మూతి ముందున్న ఇరుకులోకి దూరి దారిని బిగిస్తుంది. వెనుక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. గేజు 65 దగ్గరే ఆగింది.

పెద్దాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నొచ్చుకున్నారు గాని వాదించలేదు. "అయితే దీన్ని ఏం చేయమంటారు?" అని అడిగారు. కాల్చకండి, ఎవరికీ అమ్మకండి, లైసెన్సు అధికారికి రాసి అప్పగించడమో, పనిచేయకుండా చేయించి జ్ఞాపకంగా ఉంచుకోవడమో చూడండి అన్నాను. ఇద్దరు లైసెన్సుదారుల మధ్య అమ్మకమైనా సరే చేతులు కలిపి డబ్బిచ్చి తెచ్చుకునే వ్యవహారం కాదు. అమ్మేవారు 45 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. వారసుడికి ఇవ్వాలన్నా దానికి పద్ధతి ఉంది. యజమానికి డెబ్భై ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర పాతికేళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడి పేరున లైసెన్సు అడగవచ్చు.

తిరుగు బస్సులో హవల్దారు చాలాసేపు మాట్లాడలేదు. రఘునాథపల్లి దాటాక, ఉస్తాద్, ఇరవై ఐదు వేలు మిగిలాయి అన్నాడు. ఒక చెయ్యి మిగిలింది అన్నాను.

పాత తుపాకీలన్నీ చెడ్డవని నేను అనను. గంటలా మోగేవి, లోపల అద్దంలా ఉండేవి, పొగ లేని మందుకు పరీక్షించిన ముద్ర గొట్టం కింద స్పష్టంగా కనిపించేవి, గది 70 ఉన్నవి దొరుకుతాయి. మీట కూడా చూడండి. కొత్త తుపాకీకి మూసినప్పుడు పై మీట నడిమి గీతకు కాస్త కుడివైపు ఆగుతుంది. వాడగా వాడగా అరిగి మధ్యకు వస్తుంది, తరువాత ఎడమకు పోతుంది. మూసిన తుపాకీని దీపానికి ఎదురుగా పెట్టి గొట్టానికీ వెనుక ఇనుముకూ మధ్య చూస్తే వెలుతురు గీత కనిపించకూడదు. గొట్టాల కింద చెయ్యి పట్టే ముందు చెక్క తీసేసి ఊపితే లొడలొడలాడకూడదు. ఇవి చూడటం రానివాడు పాతది కొనకూడదు, చూడటం వచ్చినవాడిని వెంటబెట్టుకోకుండా అసలే కొనకూడదు.

తరువాతి వారం హైదరాబాదు వెళ్లి డీలరు దగ్గర కొత్తవి చూశాం. హవల్దారు కళ్లు పంపు తుపాకీ మీద పడ్డాయి, ముందు చెక్కను వెనక్కి లాగి తోస్తే తూటా ఎక్కేది. సినిమాల్లో చప్పుడు అదే కదా. నేను వద్దన్నాను. పంపు మంచి ఆయుధమే, కాని సాధన లేనివాడు కంగారులో ముందు చెక్కను సగం లాగి వదిలేస్తే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. నెలకు నాలుగు తూటాలు కూడా కాల్చే అవకాశం లేని గార్డుకు ఆ సాధన ఎక్కడిది? పైగా లోపల తూటా ఉందో లేదో బయటికి కనిపించదు. సింగిల్ బ్యారెల్ అన్నిటికంటే చౌక, తేలిక. అయితే చాలావాటికి పైన సుత్తి ఉంటుంది, బొటనవేలితో వెనక్కి లాగాలి. మే నెల ఎండలో చెమట పట్టిన వేలు జారిందంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. అదృష్టం కొద్దీ గొట్టం ఆకాశం వైపు ఉంది.

డబుల్ బ్యారెల్ పక్కపక్క గొట్టాలది, ఆడంబరం లేనిది, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ముద్ర ఉన్నది తీసుకోమన్నాను. రెండు ట్రిగ్గర్లు, రెండు యంత్రాలు. ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. విరిచి భుజాన వేసుకుంటే ఖాళీగా ఉందని బ్యాంకుకు వచ్చిన ముసలమ్మకు కూడా తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ఒక తుపాకీకి ఉండవలసిన మొదటి మంచి గుణం అది.

డీలరు దగ్గర వరసలో ఉన్నవాటిలో నాలుగింటిని ఒక్కొక్కటిగా భుజానికి ఎత్తించాను. కళ్లు మూసుకుని ఎత్తు, తరువాత కళ్లు తెరువు అన్నాను. తెరవగానే కన్ను గొట్టం మధ్య పట్టీ మీదుగా నేరుగా గొట్టం చివర గుండుసూది తలలా ఉండే గురిపూసను చూస్తే అది నీది. పట్టీ కింద కన్ను మునిగిపోయినా, పైనుంచి కిందికి చూస్తున్నా, అది ఇంకెవరిదో. మోచేతి మడతలో కర్ర మడమ ఆనించి చూస్తే చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గరు దగ్గరికి రావాలి. ఇది ముతక కొలతే, అయినా నాటు వైద్యంలా ఎక్కువసార్లు ఫలిస్తుంది. మా హవల్దారు అయిదడుగుల నాలుగు అంగుళాల మనిషి. వీటి కర్రలు అతనికంటే పొడుగువాళ్ల కోసం కోసినవి. ఎత్తిన ప్రతిసారీ కర్ర చంకలో గుడ్డకు తట్టుకుంటోంది. అర అంగుళం తగ్గిస్తే సరిపోయింది. తుపాకీ పని తెలిసినవాడి చేత కోయించి, కోసిన ముక్కను దాచుకోమన్నాను. కర్రను కోయవచ్చు. గొట్టాన్ని కోయడం మాత్రం నేరం, దానికి చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. గుమ్మంలో అడ్డొస్తోందని గొట్టం కోయించుకుందామనుకున్న గార్డు ఒకరు నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

తేలికైన తుపాకీ కావాలని అందరూ అడుగుతారు. రోజంతా మోయడానికి తేలికే బాగుంటుంది. కాల్చేటప్పుడు అదే తేలిక భుజాన్ని గుద్దుతుంది. బరువు మూడు కిలోలు దాటి ఉంటే మంచిది. ఇక 20 బోరు చిన్నది, ముచ్చటైనది గాని మన వైపు దానికి తూటాలు దొరికేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది. బోరు అంటే ఏమిటో తెలియక చాలామంది అంకె పెద్దదైతే తుపాకీ పెద్దదనుకుంటారు. ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక గుండు పట్టే గొట్టం 12 బోరు, అంటే దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. 20 గుండ్లు చేస్తే గుండు చిన్నది, గొట్టమూ చిన్నది. ఆ 20 బోరు తూటా పొరపాటున 12 బోరు తుపాకీలో పడితే జారిపోయి ముందు గొట్టంలో ఇరుక్కుంటుంది. గది ఖాళీగా ఉందనుకుని వెనుక 12 తూటా పెట్టి నొక్కితే ఇక చెప్పనక్కరలేదు. 20 బోరు తూటాకు పసుపు రంగు పెట్టింది అందుకే. ఇంట్లో రెండు రకాలూ ఉంచకండి.

హవల్దారు దగ్గర అరవై ఏడు వేలు ఉన్నాయి. మొత్తం తుపాకీకే పెట్టి ఇంకొంచెం నగిషీ ఉన్నది కొందామన్నాడు. మేం గట్టిగా మాట్లాడుకున్నది అక్కడే. తుపాకీ ధర తుపాకీతో అయిపోదు. గోడకు బోల్టులు వేసి బిగించే ఇనుప బీరువా కావాలి, తూటాలకు వేరే తాళం పెట్టె కావాలి. తుడిచే కడ్డీ, ఇత్తడి బ్రష్షు, నూనె, ఖాళీగా ట్రిగ్గరు నొక్కి సాధన చేయడానికి రెండు డమ్మీ తూటాలు. చివరికి తక్కువ నగిషీ ఉన్నదే తీసుకున్నాడు, బీరువాకు డబ్బు మిగిలింది. అందులో ఏ ఒక్కటీ వృథా ఖర్చు కాదు. నూనె అన్నాను గనుక చెప్తున్నాను, కొబ్బరినూనె పూయకండి. ఎండాకాలం బాగానే ఉంటుంది, కొన్నాళ్లకు బంకగా మారి ట్రిగ్గరు లోపలి ముక్కలను పట్టేస్తుంది. అలా పట్టేసినవాటిని కిరోసిన్‌లో నానబెట్టి విడదీయడమే నా సగం ఉద్యోగం.

తూటాల విషయానికొస్తే, ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అన్నది లైసెన్సు మీదే రాసి ఉంటుంది. పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలతోనే నా పన్నెండేళ్లు గడిచాయి. ఏళ్ల తరబడి బెల్టులో పెట్టుకు తిరిగిన తూటాను నమ్మకండి. నొక్కితే పేలకపోతే వెంటనే విరవకండి. గొట్టాన్ని ఎవరూ లేని దిక్కుకు పెట్టి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

ఇప్పుడు మా వీధి అమ్మాయి సంగతి. డిగ్రీలో ఎన్‌సీసీ చేసింది, .22 రైఫిలు కాల్చింది, ఇప్పుడు ట్రాప్ షూటింగ్ మీద మనసు పడింది. ఎగిరే మట్టి పళ్లేలను కొట్టే ఆట అది. హైదరాబాదు షూటర్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచినప్పటి నుంచి ఆమె గదిలో ఆ ఫొటో ఉందట. వాళ్ల నాన్న చిన్న కిరాణా దుకాణం నడుపుతాడు. చిట్టీ ఎత్తి అయినా కొనిస్తానన్నాడు. నేను అసలు కొనవద్దన్నాను. నాన్న ముఖం వెలిగింది, అమ్మాయి ముఖం ఆరిపోయింది.

కారణం చెప్పాను. ట్రాప్ ఆడేవాళ్ల చేతిలో ఉండేది కిందా పైనా గొట్టాలున్న తుపాకీ, బెరెట్టా, పెరాజ్జీ వంటి ఇటలీ సరుకు. లక్షల్లో మాట. మన డబుల్ బ్యారెల్‌తో ఆట నేర్చుకోవడం కుదరదని కాదు. కాని ఇప్పుడు ఒకటి కొని, రెండేళ్లకు దాన్ని అమ్మడానికి తిప్పలు పడి, మరొకటి కొనడం చిన్న దుకాణం తట్టుకోదు. ముందు హైదరాబాదులో రేంజికి వెళ్లి, అక్కడి శిక్షకుడి దగ్గర, అక్కడి తుపాకీతో కాల్చు బిడ్డా అన్నాను. పళ్లెం 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. ఒక రౌండుకు 25 పళ్లేలు. తూటాలో 24 గ్రాములకు మించి సీసం ఉండకూడదు. నీ డబ్బు ముందు ఆ తూటాలకూ బస్సు చార్జీలకూ పెట్టు. మంచి తుపాకీ కొన్నవాళ్లు గెలవరు, ఎక్కువ తూటాలు కాల్చినవాళ్లు గెలుస్తారు.

వెళ్లేముందు ఒక చిన్న పరీక్ష చేయించాను. రెండు అరచేతులు చాచి, మధ్య రూపాయి బిళ్లంత సందు వదిలి, ఆ సందులోంచి మా వీధి చివర నీళ్ల ట్యాంకును రెండు కళ్లతో చూడమన్నాను. తరువాత ఒక్కో కన్ను మూయమన్నాను. కుడి కన్ను మూస్తే ట్యాంకు అలాగే ఉంది. ఎడమ కన్ను మూస్తే మాయమైంది. అంటే ఆమె కుడిచేతి వాటం మనిషి, కాని పెత్తనం ఎడమ కంటిది. రైఫిలు కాల్చేటప్పుడు ఒక కన్ను మూస్తారు కాబట్టి ఎన్‌సీసీలో బయటపడలేదు. రెండు కళ్లూ తెరిచి ఎగిరేదాన్ని కొట్టాలంటే ఇది తేల్చుకోవాలి. ఎడమ భుజానికి మారడమా, కంటద్దం మీద చుక్క అంటించుకోవడమా అన్నది శిక్షకుడు చెప్తాడు. మారితే కర్ర వంపు కూడా ఎడమవైపు ఉన్న తుపాకీ కావాలి. మొన్న తొందరపడి కొని ఉంటే కుడి వంపుది ఇంట్లో ఉండేది.

మూడో ఆయన ములుగు వైపు రైతు. మొక్కజొన్న వేస్తే పందులు, అవి వదిలితే కోతులు. ఆయన కోపం న్యాయమైనదే, నేను కాదనను. కాని తుపాకీ లైసెన్సు ఉండటం వేరు, పందిని కాల్చే అనుమతి ఉండటం వేరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఆ రెండో అనుమతి అటవీ శాఖ వైపు నుంచి రావాలి. అది లేకుండా పందిని గాని, కుందేలును గాని, కౌజు పిట్టను గాని కొడితే పంటతోపాటు ఆయనా పోతాడు. నాటు తుపాకీ సంగతి ఎత్తబోతే నేను చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాను. ఆయనకు అర్థమైంది. అటవీ అధికారికి అర్జీ రాయించి పంపాను.

పెళ్లి బరాత్‌లో గాల్లోకి ఒక్కటి కాల్చమని అడిగే బావమరుదులు ప్రతి లైసెన్సుదారుకూ ఉంటారు. 2019 సవరణ తరువాత ఎవరి ప్రాణానికైనా ముప్పు కలిగేలా అలా కాల్చితే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పైకి పోయినది కిందికి వస్తుంది.

ఇక నా ఫిర్యాదు. ఎన్నికలు వచ్చాయంటే తుపాకులు జమ చేయమంటారు. 2023 నవంబరులో అసెంబ్లీకి, మళ్లీ 2024 మేలో లోక్‌సభకు. ఆరు నెలల్లో రెండుసార్లు జమ చేశాను. చేయవలసిందే, అందులో వాదన లేదు. రెండోసారి తిరిగి తీసుకున్నప్పుడు నా తుపాకీ గొట్టం మీద మనిషి వేళ్ల గుర్తులు తుప్పుగా అచ్చుపడి ఉన్నాయి. ఎవరో చెమట చేత్తో పట్టుకుని అలాగే గోనె మీద పెట్టేశారు. పన్నెండేళ్లు రాని మచ్చ పన్నెండు వారాల్లో వచ్చింది. మొదటి తుపాకీ కొన్నవాళ్లు జమ చేసే ముందు లోపలా బయటా నూనె పూసి, గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరుతోపాటు దాని స్థితి కూడా రాయించుకోండి. రాసేవారు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మీ పత్రిక ద్వారా అధికారులకు ఒక్క మనవి. మా కమిషనరేట్ పరిధిలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్, ములుగు, భూపాలపల్లి వంటి జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. లైసెన్సు ఇచ్చేముందు ఆయుధ శిక్షణ ధ్రువపత్రం అడుగుతున్నారు, మంచిదే. కాని ఆ మనిషి కొన్న తుపాకీ కాల్చడానికి పనికొస్తుందా అని పరీక్షించే చోటు మా వైపు నాకు కనిపించలేదు. బండి కొంటే ఫిట్‌నెస్ చూస్తారు. ఇరవై ఐదు వేలకు వచ్చిన ముత్తాత నాటి గొట్టాన్ని ఎవరూ చూడరు, నంబరు మాత్రం పుస్తకంలో ఎక్కించుకుంటారు. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్లు ఉన్నారు, ఫైరింగ్ రేంజి ఉంది. మూడు నెలలకొక శనివారం పాత తుపాకులను వేలాడదీసి తట్టి, గేజు పెట్టి చూసి, పనికిరానివాటి మీద పనికిరాదని రాసిస్తే చాలు. పనికొచ్చే వాటిని అక్కడే కాగితం మీదికి రెండు తూటాలు కాల్చనిస్తే కొన్నవాడికి తన తుపాకీ గుళికలు ఎటు చల్లుతుందో తెలుస్తుంది. ఆ ఖర్చు లైసెన్సుదారులమే పెట్టుకుంటాం.

అంతవరకు నా ఇత్తడి గేజు నా దగ్గరే ఉంది. హనుమకొండ మార్కెట్ వెనుక వీధుల్లో పాత ఆర్మరర్ ఇల్లు ఎక్కడని అడిగితే చెప్తారు. ఆదివారం పొద్దున మాత్రమే, చూసి చెప్తాను, అంతే. మరమ్మతు చేయను, దానికి వేరే లైసెన్సు కావాలి. వచ్చేవాళ్లు మీ లైసెన్సు వెంట తెచ్చుకోండి. తూటాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి.

ఇట్లు
ఒక మాజీ ఆర్మరర్
హనుమకొండ